బల్లకు అటూ ఇటూ

తొమ్మిదింటికి ఆమె టీచరమ్మ. ఆరింటికి అమ్మ. పొద్దంతా నలభై మంది పిల్లల అల్లరిని నవ్వుతూ భరించిన మనిషే, ఇంటికొచ్చాక సొంత కొడుకు ఎక్కం మరచిపోతే గయ్యిమంటుంది. 'ఊళ్లో పిల్లలందరికీ ఓపిగ్గా చెబుతావు, నాకు మాత్రం తిట్లా?' అని వాడు అడిగితే జవాబు ఉండదు. ఓపిక కూడా జీతంలాంటిదే మరి. కాకపోతే నెలాఖరు దాకా ఆగదు, సాయంత్రానికే అయిపోతుంది.

టీచర్లున్న ప్రతి ఇంట్లోనూ ఈ గొడవ ఉండేదే. హైదరాబాద్‌కి ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట బడుల్లో పనిచేసేవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. చాలామందికి కాపురం కొంపల్లి, అల్వాల్ వైపు. ఉద్యోగం ఊరవతల. చదువు చెప్పేది ఒక లోకంలో, పిల్లల్ని పెంచేది మరో లోకంలో.

నిజామాబాద్ దారిలో మేడ్చల్, కరీంనగర్ దారిలో శామీర్‌పేట ఒకప్పుడు పొలాలు, ద్రాక్షతోటలు, పెద్ద చెరువు ఉన్న పల్లెలు. తర్వాత జినోమ్ వ్యాలీ వచ్చింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు రెండు ఊళ్లనూ తాకుతూ వెళ్లింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్ పేరుతో జిల్లాయే ఏర్పడింది. కంపెనీలూ గోదాములూ అపార్టుమెంట్లూ లేస్తుంటే, వాటిలో పనికి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు కదిలొచ్చాయి. సర్కారు బడిలో హాజరు పిలిస్తే పాలమూరు యాసలో ఒకరు, బిహార్ హిందీలో ఒకరు, ఒడియా కలిసిన తెలుగులో మరొకరు పలుకుతారు.

అలాంటి తరగతి చూసే ఒక టీచరమ్మ సంగతే తీసుకోండి. నెలలో మూడో శనివారం సర్కారు బడుల్లో తల్లిదండ్రుల సమావేశం. నలభై మందికి కబురు పెడితే వచ్చేది పది పన్నెండు మంది. రానివాళ్ల పేర్ల పక్కన ఆమె ఎర్ర సిరాతో 'శ్రద్ధ లేదు' అని రాసుకునేది. తర్వాత ఎవరైనా తల్లి గేటు దగ్గర కనబడితే నాలుగు మాటలు అనేది కూడా. 'డ్యూటీకి పోకుంటే ఆ రోజు పైసలు కట్ అయితయి మేడమ్' అని వాళ్లు నసిగితే, అందరూ చెప్పే సాకే అనుకునేది.

ఆమె కొడుకు చదివే ప్రైవేటు బడిలోనూ మీటింగు శనివారమే. ఇక్కడ తను బల్లకు అవతల కూర్చుని తల్లుల కోసం ఎదురుచూస్తుంటే, అక్కడ ఆమె కుర్చీ ఖాళీ. వరసగా మూడు నెలలు అలాగే జరిగింది. నాలుగో నెల అరపూట సెలవు పెట్టి పరుగున వెళ్తే, వాడి క్లాస్ టీచర్ రిజిస్టర్ చూసి మెల్లగా అంది: 'మీరు కొంచెం శ్రద్ధ పెట్టాలి మేడమ్.'

అదే మాట. తను ఎంతోమందితో అన్న మాటే. చెప్పేవాళ్లకు రెండు అక్షరాలు, వినేవాళ్లకు గుండెలో ముల్లు. తనకు సెలవు పెడితే జీతం ఆగలేదు. గేటు దగ్గర నసిగిన తల్లికి మాత్రం ఆ పూట కూలి పోతుంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల హాజరు, చదువు గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడటం టీచర్ విధుల్లో ఒకటని అందులోని 24వ సెక్షన్ చెబుతోంది. అంటే కబురు పెట్టడంతో పని అయిపోయినట్లు కాదు, మాట చేరాలి. 2018 చట్టం పుణ్యమా అని బిహార్ నుంచి వచ్చిన పిల్లాడూ బడిలో తెలుగు నేర్చుకుంటున్నాడు, సంతోషమే. కానీ డైరీలో 'రేపు మీటింగు, తప్పక రావాలి' అని తెలుగులో రాసి పంపితే వాళ్లమ్మ చదివేదెలా?

ఎర్ర సిరా పెన్ను పక్కన పడేసి టీచరమ్మ ఒక పని మొదలుపెట్టింది. సాయంత్రం బస్సు కోసం నిలబడే పావుగంటలో రోజుకు ముగ్గురు తల్లిదండ్రులకు ఫోను. రోజుకు ముగ్గురంటే, నలభై ఇళ్లూ మూడు వారాల్లోపే పూర్తవుతాయి. హిందీ వాళ్లతో తనకొచ్చిన హిందీలోనే. మొదటి మాట ఫిర్యాదు కాకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. 'ఈ రోజు మీ అమ్మాయి తీసివేతలు తప్పు లేకుండా చేసింది' అని మొదలుపెడితే, అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. బడి నుంచి ఫోనంటే భయపడటమే అలవాటైన ఇళ్లు మరి!

ఇంట్లోనూ కొంత మారింది. పిల్లల్ని కొట్టకూడదనీ, మాటలతో హింసించకూడదనీ అదే చట్టంలోని 17వ సెక్షన్ బడికి చెబుతోంది. గడప దాటి ఇంట్లోకొస్తే ఆ సెక్షన్ గుర్తుచేసేవాళ్లు లేరు. అందుకే ఇంటికి రాగానే పుస్తకాల ఊసెత్తకుండా ముందు టీ తాగుతోంది. ఎక్కాలు అన్నం తిన్నాకే. మరచిపోయినా పర్వాలేదు, రేపు మళ్లీ చెప్పుకోవచ్చు.

అమ్మానాన్నలుగా మారాక టీచర్లు కొత్తగా కళ్లు తెరవడం ఈనాటిది కాదు. గుజరాత్‌కు చెందిన గిజూభాయి బధేకా మొదట వకీలు. 1913లో కొడుకు పుట్టాక వాణ్ని ఎలా పెంచాలా అని పుస్తకాలు తిరగేస్తూ తిరగేస్తూ చివరికి వకాల్తా వదిలేసి టీచరయ్యాడు. 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం మొదలుపెట్టాడు. ఆయన రాసిన 'పగటికల' తెలుగులోనూ వచ్చింది. జనం ఆయన్ని 'మీసాల అమ్మ' అని పిలుచుకున్నారు. సొంత బిడ్డ కోసం వెతికిన దారి పదిమంది బిడ్డలకు బాట అయింది.

ఈసారి మీ పిల్లల బడిలో మీటింగుకి వెళ్లినప్పుడు మార్కులూ హోంవర్కూ అన్నీ అడగండి. లేచి వచ్చేముందు ఇంకొక్క మాట కూడా అడగండి.

'మీ పిల్లలు ఎలా చదువుతున్నారు మేడమ్?'

బల్లకు అవతల కూర్చున్న మనిషి కూడా ఎక్కడో ఒకచోట, ఇవతల కూర్చోవాల్సిన అమ్మే.