మోంతె కస్సీనో: పైనుంచి చూపు, క్రిందినుంచి చూపు

ఇటలీ యాత్ర చేసివచ్చిన మనవాళ్ళలో మోంతె కస్సీనో పేరెత్తేవారే తక్కువ. ఎత్తినవారు కూడా "పైనుంచి లోయ ఎంత బాగుందో!" అని అక్కడితో ఆపేస్తారు. నాకు పేచీ అంతా అక్కడే.

లోయ బాగుంటుంది, కాదనను. రోమునుంచి నేపుల్సుకు పోయే దారిలో, సుమారు 520 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మఠం వసారాలో నేనూ చాలాసేపు నిలబడ్డాను. 529 ప్రాంతంలో సెయింట్ బెనెడిక్టు అపోలో గుడి ఉన్న చోటనే ఈ మఠాన్ని నెలకొల్పాడని ప్రతీతి. ఈ మఠం భూముల తగాదాలో 960లో సాక్షులు చేసిన ప్రమాణాన్ని, లాటిను పత్రం నడుమ, జనం మాట్లాడే భాషలోనే వ్రాశారు. ఇటాలియను భాషకు దొరికిన తొలి ఆధారాలలో అదొకటి. కలమళ్ళ శాసనం పాఠం చెప్పినవాడికి ఒళ్ళు పులకరించే సంగతి!

లోయ అంతా అంత స్పష్టంగా కనబడే చోటు గనుకనే ఆ మఠం కూలిపోయింది. 1944లో క్రింద ఉన్న మిత్రరాజ్యాల సైనికులకు, పైనుంచి ఎవరో తమ ప్రతి కదలికనూ కనిపెడుతున్నారని అనుమానం. మఠాన్ని బాంబులతో కూల్చమని కోరినవాడు నాలుగవ భారత డివిజను సేనాని ఫ్రాన్సిస్ టకర్. ఆ కొండ ఎక్కవలసినవారిలో మన సైనికులున్నారు. ఫిబ్రవరి 15న విమానాలు వచ్చాయి. అప్పటికి మఠంలో జర్మను సేన లేదని తరువాత తేలింది. తలదాచుకోవడానికి వచ్చిన సామాన్యులు చనిపోయారు. పైగా, ఆ శిథిలాలలోనే జర్మనులు చేరి కాచుకున్నారు. మే 18 దాకా కొండ చిక్కలేదు.

ఈ కూల్చివేతను నేను సమర్థించలేను. అయితే తుపాకి గురి క్రింద ఏటవాలు ఎక్కవలసినవాడి భయాన్ని, వసారాలో చల్లగాలికి నిలబడి తీసిపారెయ్యడం కూడా నాచేత కాదు.

గ్రంథాలను ముందే, 1943లో, రోముకు తరలించారు గనుక అవి దక్కాయి. మఠాన్ని ఉన్నది ఉన్నట్టుగా తిరిగి కట్టారు; 1964లో పోపు ఆరవ పాల్ ప్రతిష్ఠించారు. ఎంత చక్కగా కట్టారంటే, తెలియనివాడికి అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది.

అందుకే వెళ్ళేవారికి నా మనవి. క్రింద కస్సీనో ఊరి దగ్గర కామన్వెల్తు సైనికుల శ్మశానవాటిక ఉంది. అందులో భారతీయుల సమాధులూ ఉన్నాయి. కొండ దిగాక ఒక గంట అక్కడికీ కేటాయించండి. ఆ రాళ్ళ మధ్య నిలబడి తలెత్తితే మఠం సరిగ్గా నెత్తిమీదే కనబడుతుంది.