ఇంటికో పేజీ

కళ్యాణదుర్గంలో నాదొక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. పెళ్ళి పత్రికలు, బిల్లు బుక్కులు, జాతర కరపత్రాలే నా కూడు. మధ్యమధ్యలో ‘మా గ్రామ చరిత్ర’ అంటూ ఒక పుస్తకం వస్తుంది. గుడికి కుంభాభిషేకమో, హైస్కూలుకు స్వర్ణోత్సవమో తగిలినప్పుడు ఊరివాళ్ళు చందాలు వేసుకొని అచ్చు వేయించే పుస్తకం అది. ఇలాంటివి కంపోజు చేసీ చేసీ, అట్ట తెరవకుండానే లోపల ఏముందో చెప్పగలను. మొదట దేవుని రంగుల పటం. వెనకాలే ఎమ్మెల్యే. తర్వాత దాతలు: లక్ష ఇచ్చినాయనకు ఆర్ట్ పేపరు మీద నిండు పేజీ, పదివేలకు అర పేజీ, వెయ్యి ఇచ్చినవాళ్ళకు పేరు మాత్రం. ఆపైన స్థలపురాణం. రాముడు కాలు మోపని ఊరు మా తాలూకా నుంచి ఇంతవరకూ నా ప్రెస్సుకు రాలేదు. రాముని వెంబడే కృష్ణదేవరాయలు, ఆయన రాసిచ్చిన మాన్యం. అక్కడి నుంచి ఒక్క దూకు దూకితే 1947. ఆ తర్వాత సర్పంచుల జాబితా. పుస్తకం అయిపోతుంది.

చెరువు కట్టకు మట్టి మోసిందెవరు, తూము దగ్గర నీరుగంటి పని ఏ ఇంటిది, ధాత కరువులో ఎన్ని ఇండ్లు పాడుబడ్డాయి, కొర్రా ఆరికా పోయి శెనక్కాయ ఎప్పుడొచ్చింది, మొదటి బోరు ఎవరి చేన్లో వేశారు, బెంగళూరుకు మొదట బస్సెక్కిందెవరు? ఒక్కదానికీ జవాబుండదు. వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టే తిరిగే జిల్లా మా అనంతపురం. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. ఆ జిల్లాలో ఊరి చరిత్ర పుస్తకానికి నీళ్ళ ఊసే పట్టదు.

ఊరు తన చరిత్ర తానే రాసుకోవాలి. అయితే ఇంటింటా రాయాలి, పేజీకి రేటు కట్టకుండా రాయాలి. నేను చెప్పదలచింది ఇదే. నా వ్యాపారానికి ఇది దెబ్బే. నాకు నాలుగు డబ్బులు మిగిలేది ఆ దాతల పేజీల్లోనే.

ఊళ్ళు తమ సంగతి తాము చెప్పుకోవడం ఈ సీమకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ నేలను కుంఫిణీకి అప్పజెప్పాడు కాబట్టి దత్తమండలాలన్నారు. (రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో వచ్చింది. ఆ పుణ్యం అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావుది.) కాలిన్ మెకంజీ అనే స్కాట్లండు సర్వేయరు భూమి కొలవడంతో సరిపెట్టుకోక ఊరూరి కథా రాయించుకున్నాడు. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కళ్ళూ చెవులూ. కరణాలు దండకవిలెలు విప్పి, ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు వేయించారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఎల్లలు ఎక్కడ అన్నది రాసిచ్చారు. అవే కైఫియత్తులు. బ్రౌన్ దొర వాటికి మళ్ళీ నకళ్ళు రాయించాడు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం తమ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది. కడపవాళ్ళకు ఆ తెలివి ఉంది.

కైఫియత్తులను నేను తక్కువ చేయను. అవి లేకుంటే సగం ఊళ్ళకు పాత పేరు కూడా దొరకదు. కానీ చెప్పిందెవరు, ఎవరికి చెప్పారు అన్నది చూడాలి. అప్పట్లో కలెక్టరు మన్రో భూములు కొలిపించి శిస్తు కడుతున్నాడు, ఏ ఇనాము నిజమో ఏది కాదో ఆరా జరుగుతోంది. సర్కారు మనిషి కాగితం పట్టుకొని వచ్చి మీ ఊరి సంగతి చెప్పమంటే ఏ కరణమైనా మాన్యం లెక్కే ముందు విప్పుతాడు. రాయలవారు దయచేయించిన సంగతి ఒకటికి రెండుసార్లు చెబుతాడు. తట్ట మోసిన ఒడ్డెవాళ్ళను పిలిచి అడిగే పని ఆయనకు లేదు. పొరుగు జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. చెరువు వేయించిన భాస్కర భవదూరుని పేరు, వంశం, పుణ్యం అన్నీ చెక్కారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్కా చెప్పారు. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ రాతికెక్కలేదు. నేను నిండు పేజీకి రేటు చెప్పేటప్పుడు ఆ శాసనం చెక్కినాయన నాకు దూరపు చుట్టమేమో అనిపిస్తుంది.

అనంతపురం సంగతి ఇంకా విచిత్రం. సుమారు 1750 నుంచి 1810 దాకా ఇక్కడివాళ్ళు తెలుగులో రాసిపెట్టిన చరిత్రను బ్రౌన్ ఇంగ్లీషు చేసి 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. దానికి ‘రాజుల యుద్ధాలు’ అనే పేరే పెట్టాడు. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట వేయించడం, రెండు వైపులా బుక్కరాయసముద్రం, అనంతసాగరం వెలియడం, తర్వాత హండే పాలెగాళ్ళు, వాళ్ళ ముట్టడులు, పన్నులు, పరారీలు. ఇవన్నీ ఇప్పుడు ఎవరికి గుర్తున్నాయి? పరీక్షకు చదివే పిల్లలకు కూడా హండే హంపానాయుడు గుర్తుండడు. గుర్తున్నది చెరువు కట్ట తెగబోతే బలికి సిద్ధపడిన బసిరెడ్డి కోడలు ముసలమ్మ. ఆ కథనే తీసుకొని కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉండగానే ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశాడు. కట్ట మీద ఆమెకు గుడి ఉంది, మొక్కులు నడుస్తున్నాయి. రాజుల పుస్తకంలో నిలిచింది ఒక కాపు కోడలు. అయితే ఆమె కూడా చచ్చిపోయింది కాబట్టే పుస్తకానికెక్కింది. ఆ కట్ట పక్కనే బతికి, ఆ నీళ్ళతోనే వరి నాటి, కలుపు తీసి, ముసలిదై పోయిన ఆడమనిషికి మన చరిత్రలో ఎక్కడా పేజీ లేదు. ఈ మధ్య బండి నారాయణస్వామి హండేల కాలాన్ని కింది నుంచి చూస్తూ ‘శప్తభూమి’ నవల రాశారు, 2019లో సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. గొప్ప పని. కానీ నవలాకారుడు ఊహించి పూడ్చవలసినంత ఖాళీ మన ఊరి పుస్తకాల్లో ఉండడం ఏం మర్యాద?

మా తమ్ముని కూతురు కెనడాలో కాల్గరీలో ఉంది. అక్కడి లైబ్రరీలో చూసిన ఊరి చరిత్రల ఫొటోలు వాట్సాప్‌లో పంపింది. నేను మొదట చూసింది బైండింగు. కుట్టు బైండింగు, గట్టి అట్ట, ఇటుకంత మందం. అల్బర్టా, సస్కచ్వాన్ రాష్ట్రాలు 1905లో ఏర్పడ్డాయి. 1955 స్వర్ణోత్సవానికి, 1980లో డెబ్బై అయిదేళ్ళ పండుగకు అక్కడి పల్లెలు పోటీపడి ఇలాంటివి వేసుకున్నాయి. ఏ మహాపండితుడూ రాయలేదు. ప్రతి కుటుంబం తన సంగతి తానే రాసిచ్చింది: ఏ దేశం నుంచి ఏ ఏడు వచ్చాం, పది డాలర్లు కట్టి 160 ఎకరాలు ఎక్కడ పట్టాం, మొదటి చలికాలం మట్టిపెళ్ళల ఇంట్లో ఎట్లా గడిపాం, ఏ బిడ్డను ఎక్కడ పూడ్చాం. చివర పేర్ల పట్టిక. మానిటోబాలో ఆల్టోనా అనే చిన్న ఊరిలోని ఫ్రీసెన్ ప్రెస్సు ఇలాంటి పుస్తకాలు చాలా వేసిందని తెలిసి, నిజం చెప్పాలంటే, కొంచెం కడుపు మండింది.

ఆ నేలా మనలాంటిదే. 1857 నుంచి 1860 వరకు తిరిగి చూసిన పాలిసర్ అనే కెప్టెన్ దక్షిణాన ఉన్న ఎండు త్రికోణం సేద్యానికి పనికిరాదని రాసిపెట్టాడు. అయినా జనం వచ్చారు. 1930లలో దుమ్ము లేచి చేలు ఎగిరిపోయాయి, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ పుస్తకాలు దాన్ని దాచలేదు. ఫలానా కుటుంబం ఫలానా ఏడు గొడ్లు అమ్ముకొని వెళ్ళిపోయిందని రాశారు. దాచింది వేరే. చాలా పుస్తకాల్లో కథ మొదటి నాగలి చాలుతో మొదలవుతుంది. 1877లో, అంటే ఇక్కడ మనవాళ్ళు ధాత కరువులో గంజికి అల్లాడుతున్న ఏడాదిలోనే, అక్కడ సిక్సికా మొదలైన ఆదివాసుల చేత ఏడో ఒడంబడిక మీద గుర్తులు వేయించి దక్షిణ అల్బర్టా నేలంతా తీసుకున్నారు. ఆ మనుషులు ఏ కుటుంబం పేజీలోనూ లేరు. పండుగకు చందా వేసినవాళ్ళలో వాళ్ళు లేరు మరి. జనం రాసిన చరిత్ర అయినంత మాత్రాన అందరి చరిత్ర కాదని నాకు అక్కడే బాగా అర్థమయింది.

పోయిన ఏడాది మా పక్క ఊరి పిల్లలు గుడి పుస్తకం పనిమీద వస్తే వాళ్ళను నా పద్ధతికి ఒప్పించాను. ఇంటికో పేజీ. అందరికీ ఒకే సైజు అక్షరం, ఒకే కాగితం, నలుపు తెలుపు. ఇంటికి ఒకే చందా, ఇవ్వలేని ఇంటికీ పేజీ ఉంటుంది. డెమ్మీ సైజులో 128 పేజీలు, ఎనిమిది ఫారాలు. రాయడం రానివాళ్ళ మాటలు పదో తరగతి ఆడపిల్లలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చారు.

ఒడ్డె ఇంటి పేజీలో ఆ కుటుంబం తవ్విన బావుల పట్టిక వచ్చింది: ఎవరి చేను, ఎన్ని మట్ల లోతు, బండ ఎక్కడ తగిలింది, మందు పేలి ఎవరి చెయ్యి పోయింది. మాదిగ ఇంటి పెద్దాయన, కపిలెలకు తోలుసంచులు కుట్టినందుకు ఏ బావి రైతు కళ్ళంలో ఎంత కొలిచేవాడో, ఎవరు కొలవకుండా తిప్పేవాడో పేరుపేరునా చెప్పాడు. కరెంటు మోటర్లు రావడంతో సేద్యం సులువయిందని అందరూ రాస్తే, తమ ఇంటికి కూలి పోయిందని ఈ పేజీలోనే ఉంది. ఒక అవ్వ 1952లో గంజి కేంద్రం ముందు కూర్చున్న వరసలు చెప్పింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కరువులో కూడా మారలేదట. ఒక కుర్రాడు బెంగళూరులో తాను వాచ్‌మన్‌గా ఉన్న అపార్ట్‌మెంటులో రోజుకు ఎన్ని నీళ్ళ ట్యాంకర్లు వస్తాయో లెక్క రాశాడు. పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన పేజీ అదే.

రెండు పెద్ద ఇండ్లు చెరువు మరువ దగ్గర జరిగిన ఒక పాత కొట్లాటను రెండు రకాలుగా చెప్పాయి. ఏది వేయాలని పిల్లలు భయపడుతూ అడిగారు. రెండూ వేయండి, ఎదురెదురు పేజీల్లో వేయండి అన్నాను. కక్షలున్న సీమలో ఊరి చరిత్ర ఎట్లా రాస్తారని నన్నడిగేవాళ్ళకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. తీర్పు చెప్పే పని ఊరి పుస్తకానికి లేదు. మేము మాట్లాడమని తలుపు వేసుకున్న ఇల్లు కూడా ఒకటుంది. ఆ పేజీలో ఇంటిపేరు మాత్రం వేసి మిగతాది ఖాళీగా వదిలాం.

అబద్ధాలు చెబుతారు కదా అని ఒక లెక్చరరు అన్నాడు. చెబుతారు. కరణాలూ చెప్పారు. తేడా ఏమంటే, కరణం మాటకు ఎదురు మాట కాగితం మీద లేదు. పక్కింటి పేజీ ఉంటే ఈ ఇంటివాడు కొంచెం ఆలోచించి మాట్లాడతాడు.

ఎక్కువ కాలం ఆగే పని కాదిది. 1984 జనవరిలో కరణాల పదవులు రద్దయినాక పాత రికార్డు కట్టలు కొన్ని అటకలెక్కాయి, కొన్నింటిని చెదలు తిన్నాయి, కొన్ని నా ప్రెస్సుకే చిత్తు కాగితాల కింద వచ్చాయి. బళ్ళారి నుంచి మనల్ని 1882లో విడదీశారు, 1953లో రాయదుర్గం వచ్చి కలిసింది, 2022లో జిల్లానే రెండయింది. ప్రతి మార్పులో కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోతుంటాయి. గొట్టి వంక, దిన్నె చేను లాంటి పేర్లు పాసుబుక్కులో ఎప్పుడో పోయాయి, ఉన్నది సర్వే నెంబరే. ఎన్.పి.కుంటలో సోలారు పలకల కిందికీ, ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ కిందికీ పోయిన చేలకు ఒక్కొక్కదానికి ఒక పేరుండేది. గంజి కేంద్రం చూసినవాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటాయి.

పంచాయతీ నిధుల నుంచి దీనికి డబ్బు అడగకండి. అడిగితే మొదటి పేజీ మళ్ళీ మామూలుగానే తయారవుతుంది. నూరిండ్ల ఊరికి ఇలాంటి పుస్తకం ఒక పెళ్ళి పందిరి ఖర్చు లోపలే అయిపోతుంది, అందులో నా కూలి కూడా కలిసి ఉంది.

మొన్న ఇంకో ఊరి సర్పంచు పుస్తకం చూసి, బాగుంది, మాకూ వేద్దాం, అట్ట మీద మాత్రం ఎమ్మెల్యేగారి ఫొటో ఉండాలన్నాడు. ఎమ్మెల్యేగారిది మీ ఊరేనా అన్నాను. కాదన్నాడు. అయితే పేజీ లేదన్నా, ఆయన ఇల్లు మీ ఊళ్ళో లేదు కదా అన్నాను. కనుక్కొని చెబుతానని పోయినాడు.