ఎక్సెల్ పొట్టలో ఏముంది?

మూడొందల వరసలు కూడా లేని జీతాల పట్టిక ముప్పై ఎంబీ తూగుతుంది. తెరవబోతే కంప్యూటర్ మొరాయిస్తుంది. జీమెయిల్‌కు తగిలిద్దామంటే అక్కడి హద్దు 25 ఎంబీ. అప్పుడు ఆఫీసులో రెండు సలహాలు పుడతాయి: కొత్త సిస్టం కొనాలి, లేదా ఫైలును జిప్ చేసి పంపాలి. రెండూ దండగే. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు అసలే ఒక జిప్ మూట. మళ్లీ జిప్ చేస్తే తగ్గేది నామమాత్రం.

అయితే రోగం పట్టుకోవడానికి ఆ మూటే దారి. ఫైలుకు ఒక కాపీ తీసి, పేరు చివరి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌ను జిప్‌గా మార్చి తెరిస్తే లోపలి ఫోల్డర్లు కనిపిస్తాయి. ‘మీడియా’ బరువుగా ఉంటే ఎవరో ఫోన్ ఫొటోలు అతికించారన్నమాట. ‘వర్క్‌షీట్స్’లో ఒక్క షీటే ఉబ్బిపోయి ఉంటే అనుమానం ఖాళీ గడుల మీదికి వెళ్లాలి.

ఆ షీటులో కంట్రోల్, ఎండ్ మీటలు కలిపి నొక్కితే ఎక్సెల్ తన లెక్కలో చివరిదనుకునే గడికి కర్సర్ వెళ్తుంది. అంకెలు మూడొందల వరసల లోపే ఆగిపోయినా కర్సర్ 10,48,576వ వరసలో, అంటే షీటు అట్టడుగున తేలితే దొంగ దొరికినట్టే. ఎవరో ఎప్పుడో కింది దాకా లాగి గీతలు కొట్టారు, రంగులేశారు. డిలీట్ మీట నొక్కితే గడిలోని రాత పోతుంది గానీ గీత పోదు. అందుకే ఎడమ అంచున ఆ ఖాళీ వరసల నంబర్లనే పట్టి ఎంచుకుని, రైట్ క్లిక్‌తో వరసలనే తీసేసి, సేవ్ చేయాలి. చాలామంది ఆ చివరి పని మరిచిపోయి, ఫైలు తగ్గలేదని ఎక్సెల్‌ను తిడతారు.

ఏటా ఏప్రిల్‌లో పాత ఫైలుకే కొత్త ఏడాది పేరు పెట్టే అలవాటు ఉన్నంతకాలం ఈ చెత్త పెరుగుతూనే ఉంటుంది.

బరువు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. కానీ కంటికి కనిపించనిది కూడా ఫైలుతో పాటే ప్రయాణం చేస్తుంది. వివరాలను మొత్తాలుగా కూర్చి చూపే పివట్ టేబుల్ తయారైనప్పుడు మూల డేటా నకలొకటి సాధారణంగా ఫైలులోనే ఉండిపోతుంది. అసలు షీటును తీసేసి పంపినా, అందుకున్నవారు ఆ టేబుల్‌లో మొత్తం చూపే గడి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వివరాలు వరసల కొద్దీ బయటికి రావచ్చు.

2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ సమాచార హక్కు కింద సిబ్బంది సంఖ్యలు అడిగినవారికి ఒక స్ప్రెడ్‌షీటు ఇచ్చింది. అందులో దాచి ఉంచిన ఒక షీటు అలాగే వెళ్లిపోయింది. 9,483 మంది ఉద్యోగుల ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు బయటపడ్డాయి. పోలీసులపై దాడుల భయం ఉన్న చోట ఇది ప్రాణాల మీది సంగతి. మరుసటి ఏడాది ఆ శాఖపై ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది. అక్కడ ఫైలు బరువు సమస్య కాదు. లోపల ఏముందో చూడకపోవడమే సమస్య.

సమాచార హక్కు జవాబులు ఎక్సెల్‌లో ఇచ్చే మన కార్యాలయాలకూ ఈ తనిఖీ తప్పనిసరి చేయాలి. ఫైల్ మెనూలోని ‘డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్’ దాచిన షీట్లను పట్టి చూపిస్తుంది. వీలుకప్ లాంటి ఎక్సెల్ సూత్రాలు నేర్పే శిక్షణలో దీనికీ ఒక పూట కేటాయిస్తే చాలు. ఇక బరువు సంగతికొస్తే, నిజంగానే లక్షల వరసలున్నవారికి మాత్రం వేరే దారి ఉంది: ఎక్స్‌ఎల్‌ఎస్‌బి రూపంలో సేవ్ చేస్తే పెద్ద ఫైళ్లు చాలావరకు బాగా చిక్కుతాయి.