పొలం పని చేసేటోళ్లకు ఎక్సర్‌సైజ్ ఎందుకు?

పై వీడియోలో నేను జీవామృతం కలిపేది చూశారు కదా. 200 లీటర్ల డ్రమ్ము, 10 కిలోల పేడ, రెండు రోజులు పొద్దున సాయంత్రం కర్రతో తిప్పుడు. "ఇంతకన్నా ఎక్సర్‌సైజ్ ఏం కావాలె సార్, రిటైరైనంక మళ్లా యోగా క్లాసు ఎందుకు?" అని మా కురవిలో చాలామంది అడుగుతుంటరు.

నా అభిప్రాయం వేరే. పొలం పని ఒకే దిక్కు పని. కలుపు తీసినా, నాటేసినా నడుం ముందుకే వంగుతది, వెనక్కి వంచే పనే ఉండదు. ఒంటికాలి మీద నిలబడి తూకం చూసుకునేది అసలే లేదు. కానీ గట్టు మీద కాలు జారితే ఆపేది ఆ తూకమే. 65 ఏండ్లు దాటినోళ్లు వారానికి కనీసం 150 నిమిషాల శ్రమతో పాటు, మూడు రోజులైనా తూకం, బలం పెంచే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

నేను తుంటి విరిగి మంచాన పడితే నా రెండెకరాలు కౌలుకే పోతయి. కౌలుకు తీసుకున్నోడు యూరియా చల్లకుండ ఉంటడా? ఆయన్ని తప్పుపట్టలేం, ఆ ఏడు పంట ఆయనకు ముఖ్యం. ఇన్నేండ్లు చేసుకున్న మట్టి మాత్రం పాడైతది. అందుకే వారానికి మూడు పొద్దులు క్లాసు, తర్వాతే పొలం.

ఒక్క మాట. క్లాసుకు మగోళ్లమే ఎక్కువ వస్తున్నం. అసలు అవసరం నాట్లేసి, కలుపు తీసే ఆడోళ్లకు. వాళ్లు కూలి నుంచి వచ్చే టైముకు సాయంత్రం ఇంకో క్లాసు పెట్టాలని నేను అడుగుతున్నా. మోకాళ్ల నొప్పులున్నోళ్లు డాక్టరును అడిగి, కుర్చీ పట్టుకొని మొదలుపెట్టండి.