యంత్రముపై నడచిన దెంత దూరము?

ఎలిప్టికల్ అను వ్యాయామయంత్రము నేడు పట్టణములందు కొందరి యిండ్లకు గూడ వచ్చినది. పాదములు దీర్ఘవృత్తముగా తిరుగుటచే దానికా పేరు. అరగంట త్రొక్కినపిదప దాని తెరపై కిలోమీటర్లు మూడనియో నాలుగనియో కనబడును. నమ్మవచ్చునా?

గానుగెద్దు దినమెల్ల నడచియు గానుగను విడువదు. ఇచట మన పయనమును నంతియే. యంత్రము చక్రపుజుట్లను లెక్కించి, చేసినవారు నిర్ణయించిన యొక సంఖ్యచే హెచ్చించును. ఆ సంఖ్య యంత్రమున కొక తీరు.

కావున మనమే లెక్కింతము. పాదపీఠము మిక్కిలి ముందునకు వచ్చు చోటినుండి మిక్కిలి వెనుకకు పోవు చోటివరకు దర్జీ టేపుతో కొలువుడు. 20 అంగుళములనుకొందము. కుడికాలు నిమిషమునకు 50 మారులు ముందునకు వచ్చినచో, రెండు కాళ్లకు 100 అడుగులు. అనగా 2000 అంగుళములు, ఇంచుమించు 51 మీటర్లు. అరగంటకు ఒకటిన్నర కిలోమీటరు! ఇదియు నుజ్జాయింపే, కాని తెరమీది నాలుగెక్కడ, ఇదెక్కడ?

బిగువు పెంచినచో అంతే దూరమునకు శ్రమ హెచ్చును. మన లెక్కలో నది చేరదు. వైద్యుడు మూడు కిలోమీటర్లు నడువుమనగా, మధుమేహముగల సోదరి తెరపై మూడు కనబడినంతనే దిగిపోవుట మాకు సమ్మతము గాదు. పొరుగామె యంకె నందుకొనుటకై మోకాళ్లు నొచ్చునట్లు త్రొక్కుట మఱింత యసమ్మతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పినది దూరము గాదు, కాలము: వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితశ్రమ. మాటలాడగలిగియు పాట పాడలేనంత యాయాసము దానికి గురుతు. వైద్యుని యొద్దకు పోయినపుడు "ఎన్ని నిమిషములు, ఎంత బిగువు?" అని యడుగుడు.