ప్రోషితభర్తృకల పట్టణము



ఈ శీర్షిక క్రింద మన మిదివఱకు పెద్ద నగరములను గూర్చియే ముచ్చటించుకొంటిమి. ఈ మాసము ఒక చిన్న యూరిని గూర్చి వ్రాయదలచితిమి. ఫిన్లాండు దేశపు పడమటి తీరమున, బోత్నియా యను సింధుశాఖ యొడ్డున, రౌమ యను పట్టణ మొకటి కలదు. జనసంఖ్య 40 వేలకు లోపు. హెల్సింకీ, ఎస్పో నగరములలో నేడు తెలుగు కుటుంబములు ఉద్యోగరీత్యా కాపురముండుట మీ రెఱిగినదే. కూతురి పురిటికో, కోడలికి సాయముగనో అచ్చటికి పోవు తల్లులు మూడు మాసములు నాలుగు గోడల నడుమ గడపి, "చలియు చీకటియు తప్ప అచ్చట నేమున్నదమ్మా!" అనుచు తిరిగివచ్చుట మేము పలుమాఱులు వింటిమి. అట్టివారి కొఱకే ఈ నాలుగు మాటలు.

మా ఆడుబిడ్డ కాపురము హెల్సింకీ దాపున నుండుటచే, మా వారి బడికి వేసవి సెలవు లిచ్చినపుడు మేము నచ్చటికి పోయితిమి. ప్రవరాఖ్యునకు దొరకినట్టి పాదలేపము మనకు లేదు గాన విమానమునే నమ్ముకొనవలసి వచ్చినది. హెల్సింకీనుండి రౌమకు సుమారు 240 కిలోమీటర్లు. బస్సుపై నాలుగు గంటల ప్రయాణము. వేసవిలో రాత్రి 10 గంటలు దాటినను వెలుతురు పోదు గనుక ప్రొద్దుపోవునను తొందర యక్కఱలేదు.

రౌమకు 1442వ సంవత్సరమున పట్టణపు హక్కు లభించినది. 1550లో స్వీడను రాజగు గుస్తావ్ వాసా తాను క్రొత్తగా స్థాపించిన హెల్సింకీని వృద్ధిచేయగోరి, రౌమ వర్తకులు తమ యూరు విడిచి అచ్చటికి తరలిపోవలెనని యుత్తరువు చేసెను. రాజాజ్ఞ తప్పునా? మూటాముల్లె కట్టుకొని పోయిరి. కాని కొన్ని యేండ్లకు మరల తమ యూరికే వచ్చి చేరిరి. తరువాత 1640లోను, 1682లోను అగ్నిప్రమాదములు సంభవించినవి. 1682 తరువాత మాత్రము ఊరంతయు కాలిపోవునట్టి ప్రమాదము నేటివఱకు కలుగలేదు. పాత పట్టణమున నున్న యిండ్లన్నియు దాదాపు కొయ్యవే. ఆ దేశపు చలికి ఏటికి ఎనిమిది మాసములు పొయ్యి యారరాదు. మూడువందల యేండ్లకు పైగా కొయ్యగోడల నడుమ నిప్పు పెట్టుకొని, ఊరు కాలకుండ కాపాడినవారెవరు? రాత్రి అందఱును పండుకొనిన పిదప కుంపటిలోని నిప్పు కప్పి, పొగగూటి మూత చూచి, అప్పుడు పక్క చేరిన ఇల్లాండ్రే యని మా నిశ్చయము. చరిత్రకారులు ఓడలను లెక్కించిరి గాని దీనిని లెక్కింపలేదు.

పాత పట్టణము సుమారు 29 హెక్టారుల మేర వ్యాపించి, 600 కట్టడములతో నున్నది. 1991లో దానిని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చిరి. అట్లని అది అద్దాల పెట్టెలో పెట్టిన బొమ్మ కాదు. నేటికిని ఆ యిండ్లలో జనులు కాపురములు చేయుచున్నారు, దుకాణములు నడచుచున్నవి. వీధులు సన్నములు, మెలికలు. ఇండ్లు చాలవఱకు ఒంటి యంతస్తువి. ప్రతి యింటికిని ఒక పేరు కలదు. గోడపై చిన్న పలకమీద వ్రాసియుందురు. ద్వారబంధము దాటి లోనికి తొంగిచూచినచో నడిమి వాకిలి, చుట్టును కొట్లు, పూర్వము పశువుల పాక. మన కోనసీమ లోగిళ్లు తలపునకు వచ్చును. కిటుక్రెన్ అను సందు ఒకటి యున్నది. అది ఎంత యిఱుకనగా, ఎదురుగా వచ్చువారికి ఒకరు ఒదిగి నిలువవలయును. మూడు వీధులు కూడుచోట "హావెన్‌గ్వానొ" అను ముక్కోణపు చిన్న మైదానము కలదు. ఆ మాటకు వాలుగువంటి ఒక మీనము యొక్క మూతి యని యర్థము. ఆకారము చూచినవారికి పేరు సరిపోయినట్లే తోచును.

వీధులలో నడచునపుడు కిటికీలను చూడుడు. పలుచోట్ల కిటికీ యరుగుపై పింగాణి కుక్కబొమ్మల జంట కూర్చుండియుండును. నావికులు ఇంగ్లాండునుండి తెచ్చినవట. పెనిమిటి ఓడమీద దూరదేశమునకు పోయినపుడు ఇల్లాలు ఆ కుక్కల మొగములు వీధివైపునకు త్రిప్పియుంచునట. అతడు తిరిగివచ్చినపుడు ఇంటివైపునకు త్రిప్పునట. మన యాలంకారికులు అష్టవిధ నాయికలను విభజించి, భర్త దేశాంతరమున నున్నదానికి ప్రోషితభర్తృక యని పేరిడి, చెదరిన కురులతోను చిక్కిన మేనితోను ఆమెను వర్ణించిరి. రౌమలో ఊరికి ఊరే ప్రోషితభర్తృకల ఊరు. 1890ల ప్రాంతమున ఫిన్లాండు దేశములోకెల్ల పెద్ద తెరచాప ఓడల సమూహము ఈ యూరిదే. 50కి పైగా నోడలుండెడివి. ఒకసారి పోయిన మనుష్యుడు ఏడాదికో రెండేండ్లకో వచ్చుట, లేదా రాకపోవుట. కాని ఈ నాయికలకు చెక్కిట చేయి జేర్చి కూర్చుండుటకు తీరిక యెక్కడిది? పిల్లలు, పశువులు, కట్టెలు, మంచు త్రవ్వుట, అప్పులవాడు. కుక్కబొమ్మను త్రిప్పి పనిలోనికి పోయెడివారు కాబోలు!

కిటికీ వెలుపల చిన్న యద్దములు కూడ అచ్చటచ్చట బిగించియుండును. లోపల కూర్చున్నవారికి వీధి యీ చివరనుండి ఆ చివరవఱకు అందు కనబడును. ఎవరింటికి ఎవరు వచ్చిరో తెలిసికొనుటకు గడపదాటి రానక్కఱలేదు. ఈ యేర్పాటు మన యూళ్లకు రాకపోవుట మేలో కీడో చెప్పజాలము.

చూడవలసిన యిండ్లు రెండు కలవు, రెండును పురవస్తుశాలలే. ఒకటి "మరేలా" యను ఓడల యజమాని గృహము. ఎత్తైన పింగాణి పొయ్యిలు, రంగుకాగితపు గోడలు, గొప్పవారి సామాను. రెండవది "కిర్స్తి" యను నావికుని యిల్లు. మొదటిదానిలో అందఱును చాలసేపు నిలిచియుందురు. రెండవదానిని త్వరగా చూచి పోవుదురు. మీరట్లు చేయకుడు. మేము కిర్స్తి యింటి వంటగదిలోనే ఎక్కువసేపు నిలిచితిమి. ఇంటిని నడపినవారి చేతి యరుగుడు ఏ వస్తువుమీద పడినదో చూచుట యన్నది మరేలాలో వీలుగాదు.

ఇక లేసు. రౌమ పేరు దేశమున వ్యాపించుటకు ఇది యొక కారణము. 1700ల కాలమునాటికే ఇచ్చటి స్త్రీలు లేసు అల్లుటలో ప్రసిద్ధి కెక్కిరి. ఆ యల్లిక మనము కొక్కెపుసూదితో అల్లునట్టిది కాదు. గట్టిగా కూరిన దిండొకటి యొడిలోనో బల్లమీదనో పెట్టుకొందురు. దానిపై బెజ్జములు పొడిచిన నమూనాను పఱచి గుచ్చుదురు. నారబట్ట నేయు అవిసెనార దారమును సన్నని కొయ్యకండెలకు చుట్టి, జంటజంటలుగా వ్రేలాడదీయుదురు. చిన్న యంచునకు పది పన్నెండు జంటలు చాలును. వెడల్పు లేసునకు నూఱుకు పైగా కండెలు కావలయును. చేయు పని చూడగా రెండే: ఒక దారమును మఱియొకదానిపై దాటించుట, మెలిపెట్టుట. దాటించి, మెలిపెట్టి, బెజ్జమున గుండుసూది గ్రుచ్చి, మరల దాటించుట. ఈ రెండు క్రియలతోనే పూవులు, ఆకులు, వలలు, అన్నియు పుట్టును. చూచుచున్న మాకు, జడపాయలు అల్లుచున్న పదిచేతులను ఒకే మనిషికి తగిలించినట్లు తోచినది. కండెలు ఒకదానితో నొకటి తగిలి చిటచిటయను చప్పుడు తప్ప మాట యుండదు. లెక్క తప్పునేమో యని భయము గదా!

ఈ లేసు నాటి స్త్రీలు తలకు ధరించు పట్టుకుల్లాయిల యంచున కుట్టుటకు ఎక్కువగా పోయెడిది. 1800ల నడుమ ఆ కుల్లాయిల వాడుక తగ్గినది. తగ్గగానే బేరము పడిపోయినది. ఎక్కడనో పట్టణపు దొరసానులు తలకట్టు మార్చుకొనిన, ఇక్కడ నావికుని భార్యకు పిండికొనుటకు డబ్బు లేకపోయినది. ఈ సంగతి పాత పురమందిరమున (1776లో కట్టినది, నేడు పురవస్తుశాల) అద్దముల క్రింద నుంచిన లేసులను చూచునపుడు జ్ఞప్తియందుంచుకొనవలయును.

మన నరసాపురపు లేసు వేఱొక జాతి. కొక్కెపుసూదితో నూలుదారముతో అల్లునది. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. కాని విధి రెండింటికి నొకటే. మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో నరసాపురపు లేసుపనివారిని గూర్చి ఒక గ్రంథము ప్రచురించినది. దినమున కన్నిగంటలు అల్లినను, ఆ స్త్రీలను "ఇంట నూరక కూర్చున్నవారు" గనే లోకము లెక్కించినదనియు, లాభము వర్తకుల కెక్కినదనియు ఆమె చూపినది. తీరికవేళ పని యని పేరుపెట్టినచో కూలి తక్కువ యిచ్చుటకు సిగ్గుపడ నక్కఱలేదు. రౌమలో నేడు లేసు జీవనోపాధి కాదు. ఇష్టపడినవారు సంఘములుగా కూడి నేర్చుకొనుచు, పాత నమూనాలను నిలుపుచున్నారు. వేలెడు లేసుముక్క ధర చూచి మీరు ఉలికిపడవచ్చును. గంటలు లెక్కించి, మీ యింట పనిమనిషికిచ్చు కూలితో గుణించి చూడుడు, ఉలికిపాటు తీరును.

1971 మొదలు ప్రతి యేట జూలై కడపట లేసు వారోత్సవము జరుగుచున్నది. అప్పుడు పాత యిండ్ల వాకిళ్లు తెఱచి, బాటసారులను లోనికి రానిత్తురు. వీధులలోనే అల్లుచు కూర్చుందురు. "నల్ల లేసు రాత్రి" యని ఒకనాడు దుకాణములు అర్ధరాత్రి వఱకు తీసియుందురు. మన బడులు జూన్ నడుమనే తెఱతురు గాన మాకు వీలుకాలేదు. వీలున్నవారు ఆ దినములలోనే పోవుట మేలు; కాని బస యేర్పాటు చాల ముందుగా చేసికొనవలయును.

దేవళము గూర్చి రెండుమాటలు. పవిత్ర శిలువ దేవళము 1500ల తొలి దశాబ్దములలో ఫ్రాన్సిస్కను సన్న్యాసులు కట్టిన రాతికట్టడము. మతసంస్కరణమున మఠము 1538లో మూతబడగా, నూఱేండ్లు దీపము పెట్టువారు లేరు. 1640లో ఊరి పెద్ద దేవళము అగ్నికి ఆహుతియైన పిదప జనులకు మరల దీని యవసరము కలిగినది. గర్భాలయపు కప్పుపై పాత చిత్రములు నేటికిని స్పష్టముగ నున్నవి.

ఆకలి వేసినచో అంగడివీధిలోని కాఫీకొట్టునకు పొండు. "పుల్ల" యని యొకటి యమ్ముదురు. పేరు విని కట్టెపుల్ల యని భ్రమింపవలదు! ఏలకులపొడి వేసి వెన్నతో చేసిన మెత్తని తీపిరొట్టె. అంత దూరమున, అంత చలిలో, మన పాయసపు వాసన ముక్కునకు తగులుట కొంత చిత్రముగనే యుండును. గ్రుడ్డు కలుపు వాడుక కలదు గనుక నియమము గలవారు అడిగి తెలిసికొనవలయును. ఊరివారి మాట వేఱు. ఫిన్నిషు వచ్చినవారికిని ఆ యాస చప్పున నర్థముగాదట. నోర్తమో (1860–1931) అను వైద్యుడు ఆ యాసలోనే నావికుల కథలు వ్రాసి కీర్తి గాంచెను. యాసను ఎగతాళి చేయుట మానినచో ఎంత సాహిత్యము పుట్టునో దీనివలన తెలియుచున్నది.

ఊరికి కొంత దూరమున, అడవిలో, సమ్మల్లహ్దెన్‌మాకి యను మిట్టమీద కంచుయుగపు సమాధులు 30కి పైగా కలవు. 1999లో ఇవియు యునెస్కో పట్టికకెక్కినవి. రాళ్లు కుప్పవోసినవే గాని శిల్పము లేదు. ఒకటి మాత్రము చదునుగా, చతురస్రముగా నుండుటచే "దేవళపు నేల" యని పిలుతురు. వింత యేమన, ఇవి కట్టిననాడు సముద్రపు టొడ్డుననే యుండెడివి. హిమయుగమున మంచుబరువునకు క్రుంగిన భూమి ఆ బరువు తొలగినది మొదలు నేటికిని పైకి లేచుచున్నది. ఈ తీరమున నూఱేండ్లకు సుమారు అరమీటరు. మా వారు అచ్చటనే కఱ్ఱతో నేలపై లెక్కవేసి, ఈ వేగమునకే మూడువేల యేండ్లకు పదునైదు మీటర్లగునని, పూర్వకాలమున వేగ మింకను హెచ్చని, పాఠము చెప్పనారంభించిరి. మేము నేరేడుపండ్ల పోలికగల యడవిపండ్ల పొదలను చూచుచుంటిమి. కాయలు పండుటకు జూలై రావలయునట.

వేసవిలో రేవునుండి దీవులకు చిన్నయోడలు పోవును. కూస్కయస్కరి యనునది పూర్వము సైనికుల కోట, కిల్మపిహ్లయ యను దీవిలో 1953లో కట్టిన దీపస్తంభము కలదు, పైకెక్కి చూడవచ్చును. ఊరిలో ఎంత యెండగా నున్నను ఓడ రేవు దాటగానే గాలి యీడ్చికొట్టును. శాలువయు, చెవులకు కట్టుకొనుటకు గుడ్డయు మఱవకుడు. తిరుగు ఓడ వేళ దిగినవెంటనే అడిగి తెలిసికొనుడు. దీపస్తంభపు మెట్లు నిట్రముగ నుండును గాన, కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, చేతిసంచి క్రిందనే ఎవరికైన నప్పగించి ఎక్కుట మంచిది.