ఆటస్థలం ఒక్కటే చాలదు... అక్క తోడు కావాలి

విద్యార్థినుల వ్యాయామంపై ఉత్సవాలే తప్ప ఒరవడి ఏదీ?

కొత్తపేట: కళాశాలల్లో చదివే ఆడపిల్లలు ఆటలకు, వ్యాయామానికి దూరంగా ఉంటున్నారన్న మాట కొత్తది కాదు. విరుగుడుగా ఏటా సభలు, ప్రదర్శనలు జరుగుతూనే ఉన్నాయి. జూన్ 21న యోగా దినం, ఆగస్టు 29న జాతీయ క్రీడా దినం క్రమం తప్పడం లేదు. 2019లో అదే ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వం 'ఫిట్ ఇండియా' ఉద్యమాన్ని ప్రారంభించింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం 'యోగాంధ్ర' పేరిట నెల రోజులు శిబిరాలు నడిపి, విశాఖ సముద్ర తీరాన భారీ ప్రదర్శనతో ముగించింది.

ఉత్సవాలకు లోటు లేదు. లోటల్లా ఉత్సవం మరునాటికే. వరుసలో నిలబడి చేతులు చాచిన విద్యార్థిని వారం తరువాత కూడా కాళ్లు కదుపుతున్నదా అన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. ఆ ప్రశ్నకు జవాబు మైదానంలో కంటే, ఆ అమ్మాయి పక్కన నడిచే మరో అమ్మాయిలో దొరుకుతుందని ఇతర దేశాల అనుభవమూ, ఈ ప్రాంతపు అనుభవమూ కూడా చెబుతున్నాయి.

అంకెలు చెప్పేది

2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వెలువరించిన అంచనాలు ఆందోళన కలిగించేవే. 2022 నాటికి భారతదేశంలో వయోజన స్త్రీలలో నూటికి 57 మంది, పురుషులలో 42 మంది చాలినంత శరీర శ్రమ చేయడం లేదు. స్త్రీ పురుషులను కలిపి చూస్తే 2000లో ఇలాంటివారు నూటికి సుమారు 22 మంది. ఇరవై రెండేళ్లలో ఆ సంఖ్య రెట్టింపు దాటింది.

చాలినంత శ్రమ అంటే కసరత్తు శాలలో బరువులెత్తడమేమీ కాదు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడిస్తే ఆ లెక్క సరిపోతుంది. పదిహేడేళ్ల లోపు వారికైతే రోజుకు సగటున గంట అవసరం. కొంచెం చేసినా అసలు చేయకపోవడం కంటే మేలేనని కూడా ఆ సంస్థ స్పష్టం చేసింది.

మన రాష్ట్రం సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నది. నూటికి 36.3 మంది అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. ఒకవైపు రక్తం చాలకపోవడం, మరోవైపు బరువు పెరగడం. ఈ రెండింటి నడుమ కళాశాల మెట్లెక్కుతున్న అమ్మాయి రేపటి తల్లి. పద్దెనిమిదేళ్లకు అలవడని నడక, నలభై ఏళ్లకు వైద్యుడు చీటీ మీద రాసి ఇచ్చిన తరువాత మొదలు పెట్టవలసి వస్తుంది.

ఆట ఆగేది ఎక్కడ?

పల్లెల్లో పదేళ్ల ఆడపిల్ల తొక్కుడు బిళ్ల ఆడుతుంది, తాడాట ఆడుతుంది. పెద్దమనిషి కాగానే ఆ ఆట ఆగుతుంది. ఆపమని ఎవరూ ఉత్తర్వు వేయరు. ఇంటర్మీడియట్‌లో మార్కుల పరుగు మొదలయ్యేసరికి ఆ ఊసే మాసిపోతుంది. డిగ్రీలో చేరేనాటికి ఆట అన్నది జట్టులో పేరున్న నలుగురిదే అన్న భావం స్థిరపడిపోతుంది.

తీరిక లేదన్నది పైకి చెప్పే కారణం. లోపలి కారణాలు వేరు. నలుగురూ చూస్తారన్న బెరుకు ఒకటి. చున్నీ సర్దుకుంటూ పరుగెత్తలేని ఇబ్బంది మరొకటి. రెండు రౌండ్లకే ఆయాసం వస్తే నవ్వుతారన్న భయం ఇంకొకటి. నెలసరి రోజుల్లో ఏమి చేయవచ్చో, ఏమి కూడదో అడగడానికి మనిషి లేకపోవడం వీటన్నిటికీ తోడు. ఈ మాటలు వ్యాయామోపాధ్యాయుని ముందు నోట రావు. ఇంట్లో తల్లితో చెబితే 'ఇంటి పని చాలదా?' అన్న జవాబు వస్తుంది.

ఆ జవాబును కొట్టివేయడానికీ లేదు. ఇంటి పనిలోని శ్రమ కూడా శ్రమగానే లెక్కకు వస్తుంది. అయితే నీళ్లు తోడే నుయ్యి పోయి మోటారు వచ్చింది, రోలు పోయి మిక్సీ వచ్చింది. బస్సులో కూర్చుని, తరగతిలో కూర్చుని, తిరిగి బస్సులో కూర్చుని, ఇంటికి వచ్చాక ఫోను ముందు కూర్చునే రోజులో శ్రమకు మిగిలే చోటు తక్కువ.

తోడు అంటే ఏమిటి?

ఈ చిక్కుకు కొన్ని దేశాల విశ్వవిద్యాలయాలు వెదకిన మార్గం తోటి విద్యార్థినుల తోడు. వ్యాయామం అలవాటున్న పై తరగతి విద్యార్థిని, అలవాటు లేని ఇద్దరు ముగ్గురిని తన వెంట తీసుకుంటుంది. ఆమె శిక్షకురాలు కాదు. గదమాయించదు, మార్కులు వేయదు. వారానికి రెండు మూడు సార్లు వారితో కలిసి నడుస్తుంది. ఈ వారం ఎంత చేయగలరో వారిచేతనే చెప్పిస్తుంది. చేయలేకపోతే ఏమి అడ్డం వచ్చిందో విని, దాన్ని దాటే దారి వారితో కలిసి ఆలోచిస్తుంది. తెలుగు కళాశాలల్లో పై తరగతి అమ్మాయిని 'అక్కా' అని పిలిచే అలవాటు ఎటూ ఉన్నది. ఆ పిలుపుకు ఒక పని అప్పగించడమే ఈ పద్ధతి సారాంశం.

దీని వెనుక శాస్త్రం లేకపోలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, 'ఇది నా వల్ల అవుతుంది' అన్న నమ్మకం మనిషి చేతలను నడుపుతుంది. ఆ నమ్మకం స్వయంగా కొంత చేసి చూడడం వల్ల, తనవంటి మరొకరు చేయగా చూడడం వల్ల, నమ్మదగిన మనిషి చెప్పిన ధైర్యం వల్ల పెరుగుతుంది. చేస్తున్నప్పుడు ఒంటికి ఎలా అనిపిస్తున్నదన్న దానిపై కూడా ఆధారపడుతుంది. ఇందులో 'తనవంటి మరొకరు' అన్న మాటే ముఖ్యం.

అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చినప్పుడు కోనసీమ అంతా గర్వించింది. ఛాంపియన్‌ను చూసి చప్పట్లు కొట్టవచ్చు. కాని ఎన్నడూ ఆడని అమ్మాయి నడక మొదలు పెట్టేది, నిరుడు తనలాగే ఆయాసపడి ఈ ఏడు తేలికగా నడుస్తున్న అక్కను చూసి. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె అక్కాచెల్లెళ్లు కూడా బరువులెత్తడంలో తరిఫీదు పొందినవారే. ఛాంపియన్ల ఇంట సైతం తోడు ఉన్నదన్నమాట.

తోటివారి చేత వ్యాయామం చేయించే పద్ధతులపై 2013లో వెలువడిన ఒక పరిశోధన సమీక్ష, వృత్తి నిపుణులు నడిపిన కార్యక్రమాలకు ఇవి తీసిపోలేదని తేల్చింది. అయితే ఇటువంటి అధ్యయనాలు చాలా వరకు చిన్నవి, కొద్ది వారాలవి. తోడు తీసివేసిన తరువాత అలవాటు నిలుస్తుందా అన్నది అసలు పరీక్ష. దాన్ని గుర్తుంచుకునే ఇక్కడ ఆలోచన చేయాలి.

ఇక్కడి అనుభవం

ఈ పద్ధతి కొత్తపేట ప్రాంతానికి పరాయిది కాదు. ఆత్రేయపురం మండలం వాడపల్లి వేంకటేశ్వరస్వామి ఆలయంలో ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు చేసే మొక్కు తెలియనివారు ఇక్కడ అరుదు. ఇంటి దగ్గర నాలుగడుగులు వేయలేమనేవారు కూడా అక్కడ ఏడు వారాలూ నడుస్తారు. భక్తి మాట అలా ఉంచితే, ఆ నడక సాగడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. రోజు ముందే నిర్ణయమై ఉన్నది. లెక్క నిర్ణయమై ఉన్నది. పక్కన వదినో, తోడికోడలో, పొరుగింటి పిన్నిగారో ఉన్నారు. కళాశాలలో వ్యాయామం సాగకపోవడానికి ఈ మూడూ లేకపోవడమే కారణం.

స్త్రీలు స్త్రీల మాట విని కదలడం రాష్ట్రానికీ కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలినాళ్లలో అక్షరాలు దిద్దుకోవడానికి చేరిన మహిళలే సారాపై ఉద్యమం లేవదీశారు. పొదుపు సంఘాలు ఊరూరా పాకింది కూడా ఒకరిని చూసి ఒకరు చేరడం వల్లనే. ప్రభుత్వం 2014లో ప్రారంభించిన జాతీయ కిశోర ఆరోగ్య కార్యక్రమంలోనూ తోటి వయసువారి ద్వారానే ఆరోగ్య విషయాలు చెప్పించే ఏర్పాటు ఉన్నది. అది పంతొమ్మిదేళ్లతో ఆగుతుంది. అక్కడ అంగీకరించిన సూత్రాన్ని డిగ్రీ తరగతులకు పొడిగించడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

ఆచరణలో చూస్తే

2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రమైన కొత్తపేట చుట్టుపక్కల పల్లెలకు చదువుల కూడలి. పలివెల, వానపల్లి, అవిడి వంటి ఊళ్ల నుంచి వచ్చే పిల్లకు రోజంతా బస్సు వేళలతో ముడిపడి ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం రావడం వారికి పెద్ద ఊరట. కాని సాయంత్రం నాలుగున్నరకు ఆటస్థలానికి రమ్మంటే బస్సు పోతుంది, చీకటి పడితే ఇంట్లో కంగారు. అందుచేత వ్యాయామ సమయం తరగతుల పట్టికలోనే ఉండాలి. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున చాలు.

ఎండలకు, ఉక్కకు ఉదయం మొదటి గంట అనువైనది. వానాకాలంలో వరండా, మెట్లు, ఒక తాడు సరిపోతాయి. తొలి రెండు వారాలు పది నిమిషాల నడకతో మొదలు పెట్టి మెల్లగా పెంచాలి. ప్రత్యేక దుస్తులు, బూట్లు తప్పనిసరి చేస్తే సగం మంది మొదటి రోజే తప్పుకుంటారు.

'అక్కల'ను ఎంచడానికి కొత్త సంస్థ అక్కరలేదు. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకంలో వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయవలసి ఉన్నది. తోటి విద్యార్థినులకు తోడు ఉండడాన్ని కూడా ఆ గంటల్లో చేర్చితే పనికి గుర్తింపు వస్తుంది. ఒక మహిళా అధ్యాపకురాలు, వ్యాయామ అధ్యాపకుడు కలిసి వారికి రెండు మూడు రోజుల శిక్షణ ఇస్తే ఆరంభానికి చాలు.

జాగ్రత్తలూ ఉన్నాయి

ముందుగా రక్తహీనత సంగతి. ఆయాసం, కళ్లు తిరగడం, గుండె దడ ఉన్న అమ్మాయిని 'ఓర్చుకో' అని నడిపించడం ప్రమాదం. మొదలు పెట్టడానికి ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారి చేత హిమోగ్లోబిన్ పరీక్ష జరిపించాలి. తక్కువ ఉన్నవారికి మాత్రలు, ఆహారం సంగతి వైద్యులు చూడాలి. పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కే పిల్లల సంగతి కూడా అక్కలే కనిపెట్టగలరు.

రెండవది, బరువు మాట. ఎవరు లావు, ఎవరు సన్నం అన్న లెక్క మొదలైతే రావలసినవారే రారు. ఎన్ని రోజులు నడిచారన్నదే లెక్క కావాలి. ఒకరు నమ్మి చెప్పిన మాట మరొకరి చెవిన పడకూడదు.

మూడవది, జట్ల కూర్పు. ఒకే వీధివారు, ఒకే కులంవారు ఒక గుంపుగా చేరితే ప్రయోజనం సగమే. వేర్వేరు ఊళ్ల, వేర్వేరు తరగతుల అమ్మాయిలను కలిపితే నడకతోపాటు స్నేహమూ పెరుగుతుంది. కోనసీమకు ఆ అవసరం తక్కువేమీ కాదు.

నాలుగవది, ఈ పేరు చెప్పి వ్యాయామ అధ్యాపకుల పోస్టులను ఖాళీగా ఉంచరాదు. అక్క తోడు మాత్రమే, గురువుకు బదులు కాదు. ఆమెకూ పరీక్షలు ఉంటాయి, ఆమెకూ అలసట ఉంటుంది. ముగ్గురికి మించి ఒకరికి అప్పగించడం న్యాయం కాదు.

లెక్క మారాలి

తోడు తీసేయగానే అలవాటు పోతుందన్న భయానికి ఒకటే మందు. ఈ ఏడు తోడు పొందిన అమ్మాయి వచ్చే ఏడు మరొకరికి అక్క కావాలి. గొలుసు తెగకపోతే, ఉత్తర్వులు ఆగినా పని ఆగదు.

దీనికయ్యే ఖర్చు స్వల్పం. కావలసింది పట్టికలో అరగంట, ఒక హాజరు పుస్తకం, తల్లిదండ్రులతో ఒక సమావేశం. మైదానాలు వద్దని కాదు, అవీ కావాలి. కాని మైదానం గేటు దాకా వచ్చి ఆగిపోయే అమ్మాయిని లోపలికి తీసుకువెళ్లే చెయ్యి లేకపోతే ఆ మైదానం ఆట వచ్చిన నలుగురికే పరిమితమవుతుంది.

యోగా దినాన ఎంతమంది హాజరయ్యారన్న అంకె కళాశాలల నివేదికల్లో ఎటూ ఉంటుంది. జూన్‌లో మొదలు పెట్టినవారిలో డిసెంబరు నాటికి ఎంతమంది ఇంకా నడుస్తున్నారన్న అంకెను కూడా ఆ నివేదికల్లో చేర్చాలి. విద్యాశాఖాధికారులు, ప్రిన్సిపాళ్లు ఆ రెండో అంకెను అడగడం మొదలు పెడితే మొదటి అడుగు పడినట్లే.